తుపాకి పేలని ఊరికి తుపాకితో

మా అక్క సువార్తమ్మ ఉండే ఊరి పేరు ఇందులో ఎక్కడా రాయను. దొరవారిసత్రం స్టేషనులో రైలు దిగి బండిబాటన కాసేపు పోతే వస్తుందని మాత్రం చెప్తాను. పేరు రాశానంటే నాలాంటి తుపాకీరాయుళ్లు నలుగురు వెంటనే మూటాముల్లే సర్దుకుంటారని నా భయం. ఆ భయం ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నేనుండేది మైసూరు రాష్ట్రంలో, కోలారు బంగారు గనుల దగ్గర. గనుల సామాను గోదాములో గుమాస్తాని. మా తాత నెల్లూరు జిల్లా నుంచి గని పనికి వలస వచ్చినవాడు. మా పిన్నిని మళ్లీ నెల్లూరు వైపే ఇచ్చారు. సువార్తమ్మ అక్క ఆ పిన్ని కూతురు. నాకు జంట గొట్టాల తుపాకి ఒకటీ, దానికి లైసెన్సు ఒకటీ ఉన్నాయి. మా చుట్టుపక్కల రాగిచేలల్లో అడవిపందులు పడితే రైతులు నేరుగా మా ఇంటికే వస్తారు. తుపాకి చప్పుడు వినపడితే చాలు, మాంసం వాటా కోసం ఊరు ఊరంతా తట్టలు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. ఈ విషయంలో నాకు కాస్త గర్వం ఉందని మా ఆవిడ అంటుంది. కాస్త కాదు, బాగానే ఉంది.

క్రిస్మసు వెళ్లిన కొన్నాళ్లకు, గనుల్లో పని వెతుక్కుంటూ వచ్చిన ఒక మనిషి అక్క కబురు మోసుకొచ్చాడు. ఆమె ఎలా చెప్పిందో అలాగే అప్పజెప్పాడు. "మీ బావ పందిని తరమబొయ్యి కాలవలో పడి కాలిరగ్గొట్టుకున్నాడు. కాపలా పొయ్యేదానికి మొగదిక్కు లేదు. వరి గింజ గట్టిపడతా ఉండాది, పందులు రోజూ వచ్చి దున్నేస్తా ఉండాయి. ఈ పంట పోతే యేడాదంతా కొనుక్కొని తినాల్సిందే. తుపాకి తీసుకొని రా తమ్ముడా."

ఇంకో రాష్ట్రానికి తుపాకి తీసుకుపోవడమంటే గొడుగు తీసుకుపోవడం కాదు. నా లైసెన్సు మైసూరు రాష్ట్రం పొలిమేర దాటితే చెల్లదు. గోదాములో మిత్రులు మాత్రం నన్ను ఉసిగొల్పారు. "మీ అక్క చేను, మీ అక్క కంచె. కంచె లోపల కాల్చుకుంటే అడిగేవాడెవడు?" అన్నారు. నాకు అంత గుండె ధైర్యం లేదు. ప్రయాణానికి అనుమతి కాగితం పుట్టించుకునే బయల్దేరాను. దానికోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగానో రాస్తే మీకు విసుగు, నాకు కోపం.

రేణిగుంటలో తలగడ

రేణిగుంటలో బండి మారాను. తుపాకి కాన్వాసు సంచీలో ఉంది. అది సంగీతం తాలూకు సామానని పెట్టెలో అందరూ నిర్ణయించేసుకున్నారు. కొండ దిగి వస్తున్న ఒక పెద్దాయన నన్ను గౌరవంగా చూసి కాస్త జరిగి చోటిచ్చాడు, త్యాగరాయ కీర్తన ఒకటి వినిపించమన్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ, తన గుండు మనవణ్ణి ఆ సంచీ మీద తల పెట్టించి అప్పటికే నిద్రపుచ్చింది.

"అమ్మా, అందులో ఉన్నది తుపాకి" అన్నాను నెమ్మదిగా.

ఆవిడ ఏమాత్రం కంగారు పడలేదు. పిల్లవాడి తలను ఇటునుంచి తీసి అటువైపు కొస మీద పెట్టింది. "ఏ పక్క పేలుద్దో చెప్పు నాయనా, ఆ పక్క కాళ్లు పెట్టిస్తా" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. సంగీతం అడిగిన పెద్దాయన మాత్రం నవ్వలేదు, ఇచ్చిన చోటు మళ్లీ లాక్కున్నాడు.

గూడూరు

గూడూరులో దిగేసరికి పొద్దెక్కింది. స్టేషను బయట నిమ్మకాయల గోతాలు ఎక్కించే బళ్లు బారులు తీరి ఉన్నాయి, వీధంతా ఒకటే వాసన. ఒక పాకలో కారం దోసె తిన్నాను. మా వైపు దోసె మెత్తగా, వెన్న రాసి ఉంటుంది. ఇక్కడ దోసె మీద ఎర్ర కారం గరిటెతో మెత్తుతారు. మొదటి ముక్కకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కన ఒకామె గుంతల పెనం మీద పులిబొంగరాలు పోస్తుంటే, నోరు మండుతున్నా అవీ తిన్నాను. డబ్బిచ్చేటప్పుడు ఆమె అణాల్లో చెప్పింది, నేను నయాపైసల్లో ఇచ్చాను. ఇద్దరికీ లెక్క కుదరక ఒక బొంగరం ఎక్కువిచ్చి నన్ను పంపించేసింది.

ఆమె నా సంచీ వైపు చూసి, "సర్వేకొచ్చినారా?" అంది. కాదు, పందుల వేటకి అక్క ఊరు పోతున్నానని చెప్పి ఊరి పేరు కూడా చెప్పాను. ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఆ ఊరికా? ఇప్పుడా?" అంది. ఎందుకలా అన్నదో అడుగుదామంటే అప్పటికే నలుగురు మూగారు.

మూడో అనుమతి

తుపాకితో వచ్చినవాడు ముందు పోలీసు స్టేషనులో కనపడాలి కాబట్టి కనపడ్డాను. సబిన్‌స్పెక్టరు నడివయసు మనిషి, తీరిగ్గా ఉన్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు, తుపాకి నంబరు తనే చూసుకున్నాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. ఇన్నేళ్లలో ఏ పోలీసు స్టేషనులోనూ నాకు కాఫీ ఇవ్వలేదు.

"ఈ కాగితం మీద మీరు తుపాకిని మా రాష్ట్రంలోకి తెచ్చుకోవచ్చు. తూటా ఎక్కించకుండా, సంచీలోంచి తియ్యకుండా అక్కగారి ఇంటిదాకా మోసుకోవచ్చు" అన్నాడు. "చేను ఆమెదే కాబట్టి, ఆమె సరేనంటే చేలో బయటికి తియ్యొచ్చు. పంటలో పడిన పందిని కొడితే నేను మిమ్మల్ని పట్టుకోను. ఇంకొక అనుమతి మిగిలుండాది. అది నా చేతిలో లేదు."

"కలెక్టరు గారిదా?" అన్నాను, ఇంకెన్ని గుమ్మాలో అనుకుంటూ.

"ఊరిది" అన్నాడాయన. "పొయ్యి పెంచలయ్య గారినడగండి. ఆయన వద్దన్నాక మీరు పేల్చినారనుకోండి, చట్టం మీ పక్కనే ఉంటాది. కానీ మళ్లా ఆ ఊళ్లో మీ అక్కకు ఎవురూ నిప్పు కూడా ఇయ్యరు."

నాకు ఒళ్లు మండింది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు సరేనన్న పనికి పెంచలయ్య అనే ఆసామి ఎవరు? అక్క సొంత చేలో అక్క పంట కాపాడటానికి ఊరి అనుమతి ఏమిటి? ఇదంతా లోపలే అనుకుని కాఫీ తాగి వచ్చేశాను.

అక్క ఊరు

దొరవారిసత్రంలో రైలు దిగి ఎద్దులబండి మాట్లాడుకున్నాను. బండివాడు దారి పొడుగునా ఒకటే కబుర్లు. పొలిమేర దగ్గరకి రాగానే గొంతు తగ్గించి, "సంచీలో ఉండేది అదేనా అయ్యా?" అన్నాడు. అవునన్నాను. బండి ఆపి, కూర్చునే చోట పరిచిన వరిగడ్డి గుప్పెళ్లతో తీసి సంచీ మీద కప్పాడు.

"పక్షులు చూస్తాయనా?" అన్నాను ఎగతాళిగా.

"పక్షులు గాదులే. మనుషులు" అన్నాడు.

మలుపు తిరిగాక చెరువు కనపడింది. ఏమని రాయను! నీళ్లలో నిలబడ్డ కడప అనే జాతి చెట్లు, ఒక్క చెట్టుకీ ఆకు కనపడదు. కొమ్మ కొమ్మకీ గూడు, గూడు గూడుకీ పక్షి. గూడబాతులే ఎక్కువ. పొడుగాటి ముక్కు కింద సంచీ వేలాడేసుకుని, తల్లులు నోరు తెరుస్తుంటే పిల్లలు మెడదాకా దూరి చేపలు తింటున్నాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, ఇంకా నాకు పేర్లు తెలియనివి ఎన్నో. అన్ని పక్షులున్న చోట మనుషుల గొడవ ఒక్కటీ లేదు. కట్ట మీద పిలకాయలు ఆడుకుంటున్నారు, ఆ ఆట కూడా గుసగుసల్లోనే. మా గనుల సైరన్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, అటువంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. బండి దిగి చాలాసేపు నిలబడిపోయాను.

బావ దేవదానం మంచం మీద ఉన్నాడు, కాలికి పుత్తూరు కట్టు. "ఏం బామ్మర్దీ, ఫిరంగి తెచ్చినావా?" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. ముందు అన్నం పెట్టింది. ఆ అన్నం గురించి రాయకపోతే అన్యాయం. మొలగొలుకుల బియ్యం, వార్చిన అన్నం మల్లెపువ్వులా ఉంది. దాని మీద ముందురోజు కాచిన చేపల పులుసు. ఈరోజు పులుసు ఈరోజే తింటే చేపని అవమానించినట్టే అంటుంది అక్క. రాగిసంకటి తిని పెరిగిన నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. తింటూండగా తట్టింది, పందులు పాడుచేస్తున్నది ఈ బియ్యాన్నేనని.

చేతులు కడుక్కున్నాక అడిగాను. "అక్కా, పెంచలయ్య గారిని అడిగినావా?"

అక్క గిన్నెలు సర్దుతూ, "మన చేను ఊరికి దూరం. అడివి పక్క. ఆణ్ణించి చెరువుకు వినపడదులే అనుకున్నా" అంది. అడగలేదని అర్థమైంది.

సాయంత్రం అక్కతో చేనికి వెళ్లాను. అడవి అంచున పొడుగాటి పొలం చెక్క. అంతా వంగిన కంకులే. అడవి వైపు మూల మాత్రం పొర్లి పొర్లి తొక్కేసి ఉంది, మట్టీ గింజా కలిసిపోయాయి. అక్క వంగి, ఆ మట్టిలోంచి కంకులు ఏరి కొంగున వేసుకుంది. "వారం పది దినాలు ఆగితే కోతకొస్తాది. ఆగనిస్తాయా?" అంది. నా చెయ్యి దురద పెట్టింది. తుపాకి ఇంట్లో దూలం మీద పెట్టి వచ్చాను.

పెంచలయ్య గారి మాట

మర్నాడు పొద్దున పెంచలయ్య గారే వచ్చారు. ఊరికి పెద్ద, బక్కపల్చటి ముసలాయన, తలపాగా తీసి చేతిలో పట్టుకుని గడప బయటే కూర్చున్నారు. బావ కాలి సంగతి అడిగారు, మా గనుల్లో భూమి లోపల ఎంత వేడిగా ఉంటుందో అడిగారు. చాలాసేపయ్యాక, దూలం వైపు చూడకుండానే, "నాయనా, అది తెచ్చినావంట గదా" అన్నారు.

నేను కాగితం తీసి చూపించాను. ఆయన దాన్ని చేత్తో తాకలేదు.

"సర్కారు కాగితం సర్కారుకు సరే. ఈ చెరువు మీదికి పక్షులు వచ్చిందాకా ఒక మాట, వచ్చినాక ఒక మాట మాకు. అవి పురిటికొచ్చిన ఆడబిడ్డలు. పిల్లల్ని రెక్కలొచ్చిందాకా సాకి, ఎండలు ముదిరేలోపల ఎళ్లిపోతాయి. అందాకా ఈడ టపాకాయ కాల్చం, బావిలో రాతిమందు పేల్చం, పెళ్లికి మేళం పెట్టం. వాటి రెట్ట కలిసిన నీళ్లతోనే మా మళ్లు పండేది. ఎరువు కొని ఎరగం."

"మా అక్క చేను ఊరి అవతల ఉంది. ఆమె సొంత పట్టా" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఊరి పొలిమేరతో పన్లేదు నాయనా. యాడిదాకా చప్పుడు వాటికి చేరతాదో ఆడిదాకా కట్టుబాటు. ఆ చేను లోపలుండాదో బయటుండాదో నాకూ తెల్దు. పరీక్ష చేద్దాం."

పరీక్ష ఏమిటంటే, రాతిమందుతో బావి తవ్వుకోవాలనుకునేవాళ్లకి కూడా వాళ్లు ఇదే పెడతారట. పని జరిగే చోట రైలు పట్టా ముక్క వేలాడదీసి సుత్తితో బలంగా కొడతారు. చెరువు కట్ట మీద ఒకరు కూర్చుని వింటారు. ఆ ఇనుప చప్పుడు వినపడని చోట రాతిమందు పేల్చినా పక్షులు లేవలేదని వాళ్ల అనుభవం. వినపడితే పక్షులు పోయిందాకా పని ఆపుకోవాలి.

"కట్ట మీద ఎవరు కూర్చుంటారు? మీరా?" అన్నాను.

"నేనెందుకు? ఎవురికి అవసరమో వాళ్లే. సువార్తమ్మ కూర్చుంటాది."

నేను తెల్లబోయాను. పంట పోతే పస్తులుండేది ఆమె. ఆమెనే తీర్పు చెప్పమంటున్నారు! పక్కన సాక్షి కూడా ఉండడట. పక్కన మనిషుంటే మొహమాటం వస్తుందని వాళ్ల వాదన. మా వైపైతే ఇద్దరు మేస్త్రీలు, ఒక మునసబు, పైన నలుగురు అనుమానస్తులు లేనిదే గట్టు రాయి కూడా జరగదు. ఈ ఊళ్లోవాళ్లు అమాయకులని ఆ పూటకి అనుకున్నాను, సంతోషించాను కూడా.

గోనెగుడ్డ చుట్టిన గంట

పరీక్ష సోమవారానికి పెట్టుకున్నాం. మధ్యలో ఆదివారం వచ్చింది. అక్కతో గుడికి వెళ్లాను. పెంకుటి కప్పు, మట్టి గోడలు, ముందు రెండు స్తంభాలకి గంట. ఆరాధన వేళకి తాడు లాగితే టంగుమనలేదు, దిండు మీద గుద్దినట్టు చప్పుడైంది. దగ్గరికెళ్లి చూస్తే గంట నాలుకకి గోనెగుడ్డ చుట్టి పురికొసతో కట్టారు. ఆ గుద్దు చప్పుడు ఎవరికీ వినపడదు. అయినా గంట కొట్టకుండా ఆరాధన మొదలుపెట్టడం పాస్టరు అయ్యగారికి మనసొప్పదట. కాబట్టి ముందు గంట కొడతారు, తర్వాత ఒకరు ఇల్లిల్లూ తిరిగి పిలుస్తారు.

"క్రిస్మసుకు కూడా ఇంతేనా అయ్యగారూ?" అన్నాను.

"ఇంతే. పశువుల పాకలో పసిబిడ్డని చూసేదానికి వచ్చినోళ్లెవురూ డప్పులు కొట్టలేదు గదా" అన్నారాయన.

నేను చదివిన బైబిలే ఆయనా చదివాడు, ఆ మాట నాకెన్నడూ తోచలేదు. పాటలు కూడా పెదవుల మీదే పాడారు. ఆ పాట చక్కగా ఉందని ఒప్పుకుంటున్నాను.

పులికాటు ఒడ్డున

ఆదివారం మధ్యాహ్నం ఎండుచేపలకి పోయే బండి ఎక్కి పులికాటు సరస్సు దాకా వెళ్లొచ్చాను. చేపలవాళ్ల పల్లెలో పీతలు కాల్చి పెట్టారు. ఇంత పీతకి వాళ్లు చెప్పిన ధర వింటే, మా ఊళ్లో అదే డబ్బుకి పీత కాలు కూడా రాదనిపించింది. వల బాగుచేసుకుంటున్న ఒకాయన పక్కన కూర్చుని, "గూడబాతులు మీ చేపలు తింటాయి కదా, మీకు కోపం రాదా?" అని అడిగాను.

"ఎందుకు రాదు! ఈడ మా చేపలు మింగి, ఆడ పొయ్యి వాళ్ల చెరువులో ఎరువేస్తాయి. కష్టం మాది, పంట వాళ్లది" అన్నాడు. ఆ వెంటనే నవ్వాడు. "అందుకే కోతలైనాక ఆ ఊరోళ్లు మాకు ఒక బండి వడ్లు తోల్తారు. పక్షుల వాటా అంటారు. మా అబ్బ కాలంనుంచీ తోల్తానే ఉండారు."

ఆ బండిలో అక్క వడ్లు కూడా ఉంటాయా అని అడిగాను. ఊళ్లో ప్రతి కల్లం నుంచీ ఒక తట్టెడు ఉంటాయన్నాడు.

కట్ట మీద అక్క

సోమవారం పరీక్ష మధ్యాహ్నం దాటాక పెడదామన్నాను. అది నా తెలివి. ఆ వేళకి సముద్రం గాలి తిరుగుతుంది. గాలి చెరువు మీదుగా చేను వైపు వీస్తే చేను చప్పుడు చెరువుకి చేరదు. పెంచలయ్య గారు నా మొహంలోకి చూసి, "మంచిదే. పందులు దిగే పొద్దుక్కూడా ఇదే గాలి" అన్నారు. ఆయనకి నా ఎత్తు తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

అక్క తలమీద కొంగు కప్పుకుని ఒంటరిగా కట్ట వైపు వెళ్లింది. నేనూ, పెంచలయ్య గారూ, ఇంకో ముగ్గురు రైతులూ చేను దగ్గర వేపకొమ్మకి పట్టా ముక్క వేలాడదీశాం. అక్క కట్ట ఎక్కి కూర్చునేపాటి సమయం ఇచ్చాక, సుత్తి నా చేతికే ఇచ్చారు. చేతుల్లో ఉన్న బలమంతా పెట్టి మూడు దెబ్బలు కొట్టాను. దగ్గరున్న మా చెవులు గింగురుమన్నాయి. గాలి నా మొహానికే కొడుతోంది. గెలిచామనుకున్నాను.

తర్వాత ఎదురుచూశాం. చేనికీ చెరువుకీ మధ్య చాలా నడక. రైతులు బీడీలు కాల్చుకున్నారు. నేను ఆ తొక్కేసిన మూల వైపు చూస్తూ, ఏ చెట్టు చాటున కూర్చుంటే పంది ఎటునుంచి వస్తుందో మనసులోనే చూసుకుంటున్నాను. చివరికి గట్టు మీద అక్క కనపడింది. నడక చూసి జవాబు పోల్చుకుందామనుకున్నాను, ఏమీ తెలియలేదు. దగ్గరికొచ్చి కొంగుతో చెమట తుడుచుకుంది. తన చేను వైపు ఒకసారి చూసుకుంది.

"వినపడింది" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "సరిగ్గా విన్నావా అక్కా? గాలి ఇటు కొడుతోంది" అన్నాను. ఆమె తల దించుకుని, "వినపడిందన్నా గదా తమ్ముడా" అంది.

పెంచలయ్య గారు ఆమెని మెచ్చుకోలేదు, ఓదార్చనూ లేదు. తలపాగా చుట్టుకుంటూ, "సరేమ్మా" అన్నారు. రైతుల వైపు తిరిగి, "ఎవురెవురింట్లో నులకమంచాలుండాయి?" అన్నారు.

నెగళ్లు

ఆ పొద్దు గూకకముందే మంచాలు వచ్చాయి. నెత్తి మీద మంచం పెట్టుకుని వరసగా గట్ల మీద వస్తున్న ఆ మనుషుల్ని చూసి నేను బిత్తరపోయాను. అక్క చేను చుట్టూ మంచాలు వేశారు, మధ్య మధ్య నెగళ్లు రాజేశారు. మనిషి వాసన, పొగ, మాటలు ఉంటే పందులు తొందరగా దగ్గరికి రావట. కేక వెయ్యకూడదు, డబ్బా కొట్టకూడదు, మామూలుగా మాట్లాడుకుంటూ ఉండాలి, అంతే. సొంత మళ్లు వదిలి రోజూ వంతులవారీగా వచ్చారు. గుడికి వచ్చేవాళ్లు, రానివాళ్లు అని తేడా లేదు. అయ్యగారు కూడా ఒక మంచం మీద కూర్చుని తెల్లారేదాకా పుస్తకం లేకుండా కథలు చెప్పారు.

నేనూ వాళ్లలో ఒకణ్ణయ్యాను. గురి చూసి కాల్చగలనని ఊళ్లు తిరిగి చెప్పుకునేవాణ్ణి, అక్కడ నా పని ఒళ్లు కాచుకుంటూ మాట్లాడటం. మా గనుల కబుర్లన్నీ అయిపోతే, తెలిసినవే మళ్లీ చెప్పించుకున్నారు. పందులు పూర్తిగా ఆగలేదు. ఒక రోజు తెల్లవారుజామున మంచు దట్టంగా పడి నెగళ్లు ఆరితే, అడవి వైపు దూరి ఆ మూల మడి మొత్తం తినేశాయి. తుపాకి ఉంటే ఆ ఒక్క రోజుతో గుంపు చెదిరిపోయేది. నాకు ఆ మాట అనాలని నోటిదాకా వచ్చింది. పక్క మంచం మీదున్న పెంచలయ్య గారే, "నీ తుపాకి ఉంటే ఈ మడి నిలిచేది నాయనా" అన్నారు.

మిగిలింది కోశాం. ఇంకా రెండు రోజులు ఆగితే గింజ బాగుండేది, ఆగలేకపోయాం. ఊళ్లో ఆడవాళ్లు తమ కోతలు పక్కన పెట్టి కొడవళ్లతో వచ్చారు. పంటలో పావు భాగం పోయింది. బావ మంచం మీద నుంచే కుప్పని చూసి, యేడాదికి రాకపోయినా వానల దాకా వస్తాయిలే అన్నాడు. ఆ కుప్పలోంచే అక్క పక్షుల వాటా తట్ట కొలిచి పక్కన పెట్టింది. నిండుగా, పైన గోపురంలా పోసింది.

దొరవారిసత్రం స్టేషనులో

తిరుగు ప్రయాణంలో అక్క స్టేషను దాకా వచ్చింది. గడ్డి కప్పకుండానే తుపాకి సంచీ బండిలో పెట్టుకున్నాను. ఎవరూ దాని వైపు చూడలేదు. అక్క బియ్యం మూట ఒకటీ, మా ఆవిడకని రొయ్యపొట్టు ఒకటీ నా చేతికిచ్చింది. బండి రావడానికి ఇంకా టైముంది. అన్ని రోజులూ అడగకుండా ఆపుకున్న మాట అప్పుడు అడిగేశాను.

"నిజం చెప్పక్కా. ఆ గాలికి నీకు ఎట్టా వినపడింది?"

అక్క చుట్టూ చూసింది. "వినపళ్లా తమ్ముడా" అంది. "నాకైతే ఒక్క దెబ్బ కూడా వినపళ్లా."

వినపడలేదని చెబితే అబద్ధం కూడా కాదు! పరీక్ష పెట్టిందే అందుకు. చెప్పి ఉంటే ఊరు ఒప్పుకునేది, నేను పందుల్ని కొట్టేవాణ్ణి, ఆ మూల మడి మిగిలేది.

"మరి వినపడిందని ఎందుకన్నావు?" అన్నాను.

"నేను గూళ్ల వైపు చూస్తా కూచోనుండా. ఉన్నట్టుండి ఒక గూడబాతు గూడు మీంచి దిగ్గున లేచింది. ఒకటే. కింద పిల్లలుండాయి, నోళ్లు తెరుచుకోని. అది రెండు చుట్లు తిరిగి మళ్లా కూచునిందిలే. కానీ లేచింది గదా?" అక్క కొంగు సర్దుకుంది. "నాకు వినపడకపోతే ఏంది. దానికి వినపడింది."

మా క్రైస్తవుల ఇళ్లలో మనుషుల కాళ్లకి మొక్కే ఆచారం లేదు, దేవుడి ముందే మోకరిస్తాం. నేను తుపాకి సంచీ ప్లాట్‌ఫారం మీద పెట్టేసి, వంగి అక్క పాదాలు ముట్టుకున్నాను. ఆమె బెదిరిపోయి వెనక్కి జరిగింది. "ఏంది తమ్ముడా ఇది, లెయ్యి, అందరూ చూస్తుండారు" అంది.

చూడనీ అన్నాను.